అది లేకుండా ఎన్నిసార్లు? సైన్స్‌ని కథగా చెప్పాలనుకునే పాలమూరు, నల్లగొండ వాళ్లకు ఒక మార్గదర్శి

మూఢనమ్మకాల మీద కథలు, నాటికలు మన జిల్లాలకు కొత్త కాదు. స్కూలు వార్షికోత్సవాల్లో వేస్తారు, కళాజాతాల్లో ఆడతారు, ఫిబ్రవరి 28న సైన్స్ దినోత్సవానికి పిల్లలతో చెప్పిస్తారు. వాటిలో చాలా భాగం ఒకే తీరుగా నడుస్తాయి. ఊళ్లోకి ఒక దొంగబాబా వస్తాడు. పట్నంలో చదువుకున్న యువకుడు సెలవులకు ఇంటికొచ్చి బాబా గుట్టు బయటపెడతాడు. ఊరంతా తల దించుకుంటుంది. చూసినవాళ్లు చప్పట్లు కొడతారు. వారం తిరగకుండానే వాళ్లలో ఒకరు బోరు పాయింట్ చూడమని కొబ్బరికాయ పట్టే మనిషికి, అంటే అరచేతిలో కాయ లేచిన చోట నీళ్లున్నాయని చెప్పేవాడికి, ఫోన్ చేస్తారు. అలా ఫోన్ చేయడంలో వాళ్లకు తప్పేమీ కనబడదు. నాటికలో ఉన్నది దొంగ. కాయ పట్టే మనిషి దొంగ కాడు. తెలిసినవాడు, నలుగురికి సాయపడేవాడు, ఒక్కోసారి డబ్బులు కూడా తీసుకోడు.

ఈ మార్గదర్శి దొంగబాబా కథల కోసం కాదు. మంచివాళ్లు, తెలివైనవాళ్లు మనస్ఫూర్తిగా నమ్మే సంగతుల మీద కథ ఎలా కట్టాలి, ఎలా చెప్పాలి అన్నదే ఇందులో ఉంది. టీచర్లు, కథలు రాసేవాళ్లు, ఆశ వర్కర్లు, డిగ్రీ పిల్లలు ఎవరైనా వాడుకోవచ్చు. మొత్తం మార్గదర్శి ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. ఎవరైనా "అది చేసినం, ఫలితం వచ్చింది" అన్నప్పుడు, "అది చేయనప్పుడు ఏమైంది?" అని అడగడం. ఈ ప్రశ్న మన ఊళ్లలో దాదాపు ఎవరూ అడగరు. వినేవాళ్ల నోట ఆ ప్రశ్న పలికించగలిగితే మీ కథ పని చేసినట్టే.

1. ఒక్క నమ్మకం, దాని కింద ఉన్న భయం

ఒక కథలో ఒక్క నమ్మకమే పెట్టుకోండి. పిల్లి ఎదురు, బల్లి శాస్త్రం, గ్రహణం, చేతబడి అన్నీ ఒకే నాటికలో కుక్కితే ఏదీ మనసుకు పట్టదు.

ఎంచుకున్నాక, ఆ నమ్మకం కింద ఏ భయం ఉందో ఒక్క వాక్యంలో రాసుకోండి. కొబ్బరికాయ కింద ఉన్నది అప్పు భయం. ఇప్పటికే రెండు బోర్లు ఎండిపోయిన రైతు మూడోది ఎక్కడ వేయాలో తెలియక ఏ ఆధారం దొరికినా పట్టుకుంటాడు. పాము మంత్రం కింద ఉన్నది రాత్రిపూట ఆస్పత్రి దూరమన్న భయం. గ్రహణం మొర్రి కింద ఉన్నది కడుపులో బిడ్డ మీది బెంగ. ఈ వాక్యం రాయలేకపోతే ఆ నమ్మకం మీద కథ రాయడానికి ఇంకా సమయం కాలేదని అర్థం.

మొదటిసారి రాసేవాళ్లకు నా సలహా: బోరు మీద గానీ పాము మీద గానీ మొదలుపెట్టండి. బాణామతి జోలికి అప్పుడే పోవద్దు, దాని సంగతి చివర్లో చెబుతాను. పండుగలు, మొక్కులు, దేవుడు అసలే వద్దు. బోనం ఎత్తడం వల్ల ఎవరి ప్రాణం మీదికీ రాదు. పాముకాటుకు ఆలస్యమైతే వస్తుంది. ప్రాణం, డబ్బు, మనిషి పరువు పోయే చోటే కథ అవసరం.

2. ముందు వినండి

పెన్ను పట్టే ముందు పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. దీనికి మన ప్రాంతంలో మంచి సందర్భం ఒకటుంది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన మీదుగా పోయింది. ఇబ్రహీంపట్నం దగ్గర జపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా యూనివర్సిటీ అబ్జర్వేటరీ ఉంది. అక్కడి నుంచి శాస్త్రవేత్తలు ఆ గ్రహణాన్ని గమనించారు. అరవై దాటినవాళ్లలో చాలామందికి పట్టపగలు చీకటి పడ్డ ఆ రోజు గుర్తుంటుంది.

వాళ్లను మూడు ప్రశ్నలు అడగండి. ఆ రోజు మీరేం చేసిన్రు? అట్ల చేయమని ఎవరు చెప్పిన్రు? అట్ల చేయనోళ్లకు ఏమైంది? మూడోదే అసలు ప్రశ్న. చాలామంది దానికి వెంటనే జవాబు చెప్పలేరు. కాసేపాగి, "మా పక్కింటామె కడుపుతోటే పనికి పోయింది, ఆమెకేం కాలే" లాంటి మాట ఒకటి వస్తుంది. మీ కథ ఆ మాటలోనే ఉంది. అప్పుడు వాదించకండి, సరిదిద్దకండి. వాళ్ల మాటలు వాళ్లు అన్నట్టే రాసుకోండి, సంభాషణలకు అవే పనికొస్తాయి.

గ్రహణం మొర్రి గురించి కూడా ఇలాగే అడగవచ్చు. పెదవి చీలికతో పుట్టే బిడ్డలు ప్రపంచమంతటా ఉన్నారు, దాదాపు 700 నుంచి 1000 కాన్పుల్లో ఒకరికి వస్తుంది. గ్రహణం కనిపించని దేశాల్లోనూ, కనిపించని ఏళ్లలోనూ వస్తుంది. తొమ్మిది నెలల్లో ఎక్కడో ఒకచోట ఏదో ఒక గ్రహణం వెతికితే దొరుకుతుంది కాబట్టి లింకు కలపడం సులువు. పిల్లలతో ఇది చెప్పేటప్పుడు ఇంకో మాట తప్పక చేర్చండి: సూర్యగ్రహణాన్ని వట్టి కళ్లతో, ఎక్స్-రే ఫిల్ముతో చూడకూడదు, దాని కోసం తయారైన కళ్లద్దాలతోనో, అట్టలో చిన్న రంధ్రం చేసి గోడ మీద పడే బొమ్మగానో చూడాలి. నమ్మకం తప్పని చెప్పే హడావిడిలో ఒక పిల్లవాడి కన్ను పోగొట్టకూడదు.

3. సంగతి తేల్చుకోవడం: బోరు కథకు కావాల్సింది

కథలో సైన్స్ తప్పు రాస్తే దొంగబాబా కన్నా ఎక్కువ నష్టం చేస్తాం. అందుకే ఒక ఉదాహరణను అడుగు వరకు చూద్దాం.

నల్లగొండ, నాగర్‌కర్నూల్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో నేల కింద ఎక్కువగా గ్రానైట్ లాంటి గట్టి రాయి ఉంటుంది. రాయి మధ్యలో నీళ్లు నిలవవు. పైన అరిగి వదులైన పొరలో, కింద పగుళ్లలో ఉంటాయి. బోరు పగులుకు తగిలితే నీళ్లు, తగలకపోతే దుమ్ము. పైపొర చాలాచోట్ల కాస్తో కూస్తో తడి పట్టి ఉంటుంది. కాబట్టి ఎవరు ఎక్కడ వేసినా కొన్ని బోర్లు పడతాయి. కాయ పట్టే మనిషి పేరు నిలబడేది ఆ కొన్నిటి మీదే.

మరి చేతిలో కాయ ఎందుకు లేస్తుంది? ఆయన అబద్ధం ఆడడం లేదు. అరచేతిలో అడ్డంగా పెట్టిన గుండ్రటి కాయ నిలకడగా ఉండదు. మనకు తెలియకుండానే వేళ్ల కండరాలు చేసే చిన్న కదలికకు అది పక్కకు ఒరుగుతుంది, లేస్తుంది. పంగల కర్ర అయినా అంతే. కదిలించేది తన చేయి అని పట్టుకున్న మనిషికే తెలియదు. 1853లో మైకేల్ ఫారడే అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త దీన్ని తేల్చి చూపాడు. అప్పట్లో ఇంగ్లండ్‌లో జనం బల్ల చుట్టూ కూర్చుని చేతులు ఆనిస్తే బల్ల దానంతట అదే తిరుగుతుందని, ఆత్మలు తిప్పుతున్నాయని నమ్మేవాళ్లు. ఫారడే చేతులకూ బల్లకూ మధ్య మెత్తని జిగురుతో అతికించిన అట్టలు పెట్టాడు. పై అట్టలు ముందు జరిగాయి, అంటే చేతులే తోస్తున్నాయి. చేయి కదిలితే చూపించే ముల్లును వాళ్ల కళ్ల ముందే పెట్టేసరికి బల్ల తిరగడం ఆగిపోయింది. అక్కడ కూర్చున్న వాళ్లెవరూ మోసగాళ్లు కారు.

భూగర్భజల శాఖ వాళ్లు నేలలోకి కరెంటు పంపి అది ఎంత అడ్డుకుంటుందో కొలుస్తారు. అదీ అంచనానే, తప్పుతుంది కూడా. కథలో ఈ మాట దాచకండి. తేడా ఎక్కడంటే, అక్కడ తప్పినవి కూడా రాసి పెట్టుకుంటారు, వాటిని బట్టి లెక్క సరిచేసుకుంటారు.

4. కథ కట్టడం

ఇప్పుడు మనుషులను తెద్దాం. కల్వకుర్తి వైపు ఒక చిన్న ఊరు. తండ్రి మల్లయ్య, రెండు బోర్లు వేశాడు, రెండింట్లోనూ దుమ్మే. మూడోదానికి అప్పు మాట్లాడుకున్నాడు. బిడ్డ సునీత ఇంటర్ చదువుతోంది. కాయ పట్టే మనిషి ఆమె మేనమామ యాదయ్య. మేనమామనే పెట్టడానికి కారణం ఉంది. బయటివాడైతే సునీత అతన్ని ఓడించి పోవచ్చు. మేనమామ రేపు కూడా ఇంటికొస్తాడు, ఆమె పెళ్లికీ వస్తాడు. కాబట్టి ఆమె గౌరవంగానే అడగాలి. ఆ గౌరవం మనకు కావాలి.

మొదటి ఘట్టం ఇలా రాయొచ్చు.

"మామా, మొన్న ఎల్లయ్య తాత చెల్కల నువ్వు పెట్టిన పాయింట్ల నీళ్లు పడ్డయి గదా?"

"రెండించులు పడ్డయి బిడ్డా. ఊరంత జూసిండ్రు."

"కాయ పట్టకుంట బోరేసినోళ్లు ఎవరన్న ఉన్నరా మన ఊర్ల?"

యాదయ్య బీడీ ఆర్పి కాసేపు ఆలోచించాడు. "ఎందుకు లేరు. మీ పెద్దనాయినే ఉన్నడు. బండి తిరగనీకె జాగ ఉన్నకాడ ఏసిండు."

"పడ్డయా నీళ్లు?"

"పడ్డయి."

ఇంతే. ఇక్కడ సునీత లెక్చర్ ఇవ్వదు. రెండో ఘట్టంలో ఆమె నోట్‌బుక్ తీసుకుని ఊరు తిరుగుతుంది. ప్రతి బోరుకూ నాలుగు సంగతులు రాస్తుంది: ఎన్ని ఫీట్లు, నీళ్లు పడ్డాయా, పాయింట్ కాయతో పెట్టారా లేదా, ఏ సంవత్సరం. ఊళ్లో ఎండిన బోర్ల సంగతి ఎవరూ చెప్పుకోరని ఆమెకు అప్పుడే తెలుస్తుంది. పడిన బోరు అందరి నోట్లో ఉంటుంది, ఎండిన బోరు మీద రాయి పెట్టి మరిచిపోతారు. ఈ ఒక్క పరిశీలన చూపడానికే ఒక పేజీ కేటాయించండి. నా దృష్టిలో కథకు ప్రాణం ఇదే.

కథలో ఆమె లెక్క ఇలా తేలిందనుకుందాం: కాయ పట్టి వేసిన 30 బోర్లలో 13 పడ్డాయి, కాయ లేకుండా వేసిన 12లో 5 పడ్డాయి. ఇవి కల్పించిన అంకెలు. మీరు మీ ఊళ్లోనే అడిగి రాసుకోండి, పేర్లు మాత్రం కథలోకి తేవద్దు. రెండు వైపులా పది బోర్లకు నాలుగు పైచిలుకే. పెద్ద భాగహారం అక్కర్లేదు, తండ్రి వేళ్ల మీద లెక్కపెట్టి చూస్తే చాలు.

మూడో ఘట్టం పరీక్ష. దీన్ని యాదయ్యే అడగాలి, సునీత కాదు. "నాకు గూడ తెలుసుకోవాలని ఉన్నది" అని ఆయన అనాలి. చెల్కలో కళ్లు తెరిచి నడుస్తాడు, కాయ లేచిన చోట సున్నంతో గుర్తు పెడతారు. తర్వాత కళ్లకు తువ్వాల కట్టి, రెండు మూడు సుట్లు తిప్పి, వేరే గట్టు నుంచి నడిపిస్తారు. కాయ లేస్తుంది, అయితే ఇంకో చోట. మళ్లీ నడిపిస్తే మరో చోట. కింద నీళ్లు జరగవు కదా. క్లాసులో పిల్లలకు ఇదే సంగతిని బకెట్లతో చూపొచ్చు. మూత వేసిన ఐదు బకెట్లలో ఒక్కదాంట్లో నీళ్లు పోసి కనుక్కోమనండి. గుడ్డిగా చెప్పినా ఐదింట ఒకసారి తగులుతుంది. వరుసగా మూడుసార్లు తగలడం 125లో ఒకసారి జరిగే పని. ఒక్కసారి తగలడం దేనికీ రుజువు కాదన్న సంగతి అప్పుడు పిల్లల చేతికే వస్తుంది.

ముగింపు దగ్గరే చాలా కథలు చెడతాయి. మల్లయ్య కాయ చెప్పిన చోట బోరు వేసి, అది ఎండిపోయి, బుద్ధి తెచ్చుకున్నాడని రాయాలని చేయి గుంజుతుంది. రాయొద్దు. ఒక్క బోరు ఎండితే కాయ తప్పని చెప్పడం, ఒక్క బోరు పడితే కాయ నిజమని చెప్పడం రెండూ ఒకటే. భూగర్భజల శాఖ వాళ్లు చూపిన చోట నీళ్లు ఎగజిమ్మాయని రాసినా అదే పొరపాటు. బోరుబండి ఊళ్లోకి రాకముందే కథ ఆపండి. మల్లయ్య అప్పు వాయిదా వేసుకుని, ఆ ఏడు మెట్టపంటకే సరిపెట్టుకుందామా అని నోట్‌బుక్ ముందు పెట్టుకుని భార్యతో మాట్లాడుతుండగా ముగించవచ్చు. వినేవాళ్లు "మరి బోరు పడ్డదా?" అని అడుగుతారు. అడగనివ్వండి, ఆ ప్రశ్న మీదే చర్చ నడుస్తుంది.

5. పాము కథ: ఇక్కడ తప్పుకు తావు లేదు

అచ్చంపేట, దేవరకొండ వైపు పాముకాటు కథ రాయాలంటే నిజాలు ఇంకా జాగ్రత్తగా పట్టుకోవాలి. "నేను వంద మందిని బతికిచ్చిన" అనే మంత్రగాడు మనకు తెలిసిన మనిషే. ఆయన చెప్పేది చాలావరకు నిజం. జెర్రిపోతు, నీరుకట్టె లాంటి పాములకు విషం ఉండదు. విషపు పాము కరిచినా కొన్నిసార్లు విషం ఎక్కించదు. ఆ మనుషులు మంత్రం వేసినా బతుకుతారు, వేయకపోయినా బతుకుతారు. మంత్రం లేకుండా ఇంట్లో పడుకుని బతికినవాళ్ల లెక్క ఎవరి దగ్గరా లేదు. మళ్లీ అదే ప్రశ్న.

అసలు భయపడాల్సినవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, పొలుసులు రాపిడి చేసి చప్పుడు చేసే చిన్న పింజర. మన దేశంలో దొరికే విషానికి విరుగుడు మందు ఈ నాలుగింటికీ కలిపి తయారవుతుంది. గుర్రాలకు కొద్దికొద్దిగా విషం ఎక్కించి, వాటి రక్తంలో పుట్టే విరుగుడును తీసి మందు చేస్తారు. ఇది కథలో ఎవరైనా తాత మనవడికి చెప్పదగ్గ ముచ్చట. కట్లపాము రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి అంతగా ఉండదు, గాటు కూడా సరిగా కనబడదు. తెల్లవారుజామున కడుపునొప్పి, తర్వాత కనురెప్పలు వాలిపోవడం మొదలవుతాయి. "ఏం కరవలేదు లే" అని అందరూ అనుకునే ఆ గంటలే కథలో ఉత్కంఠ.

రక్తపింజర కథలో ఉత్కంఠ కోసం ఆస్పత్రిలోనే ఒక సంగతి ఉంది. డాక్టర్ కొంచెం రక్తం తీసి శుభ్రమైన గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదలకుండా పెడతారు. గడ్డకడితే ఒక దారి, కట్టకపోతే విషం రక్తం మీద పని చేస్తోందని అర్థం, మందు మొదలుపెడతారు. బయట బల్ల మీద తల్లి, మేనత్త, మంత్రగాడు, అందరూ ఆ గొట్టం వైపే చూస్తూ 20 నిమిషాలు. ఒక సినిమా ఇంటర్వెల్ కన్నా ఎక్కువ టెన్షన్. సైన్స్‌లో ఎదురుచూడటం కూడా భాగమని అక్కడ మాటల్లేకుండా తెలుస్తుంది.

మంత్రగాడిని విలన్ చేయకండి. పాము కరిచిన పాపను 108 ఎక్కించేటప్పుడు ఆయన కూడా ఎక్కితే బాగుంటుంది. "మంత్రం నేను బండ్లె ఏస్త, మీరు నడవండి" అంటాడు. కొందరు హేతువాద మిత్రులకు ఇది రాజీలా కనిపిస్తుంది. నాకు అలా అనిపించదు. ఆ రాత్రి మొదటి పని పాప బతకడం. ఆయన నమ్మకం గురించి మర్నాడు మాట్లాడుకోవచ్చు, అదీ ఆయనకు ఇప్పటికే ఒక కారణం కనిపించాక.

కథ వింటున్నవాళ్లకు చేయాల్సినవి స్పష్టంగా అందాలి: కరిచిన కాలో చేయో కదపకుండా ఉంచాలి, వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి. గట్టిగా తాడు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం చేయొద్దు. పామును చంపి తేవడానికి ఆగొద్దు. ఈ మాటలు సంభాషణల్లో కలిపేశాక, రాసింది మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టర్‌కు ఒకసారి చదివి వినిపించండి. ఈ అడుగు దాటవేయకూడదు.

6. కనిపెట్టిన కథలూ కావాలి

ఎప్పుడూ నమ్మకాలను కొట్టేసే కథలే చెబితే సైన్స్ అంటే కాదనడమే అనుకుంటారు. మన దగ్గర సైన్స్ కారణాన్నో, ఉపాయాన్నో కనిపెట్టిన కథలు ఉన్నాయి.

ఫ్లోరైడ్ కథే తీసుకోండి. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు తరాల తరబడి పిల్లల పండ్లు గారపట్టాయి, పెద్దల కాళ్లు వంకరపోయాయి, నడుములు వంగిపోయాయి. శాపమనుకున్నవాళ్లు ఉన్నారు. రాతిలోని ఫ్లోరైడ్ నీళ్లలో కరిగి బావుల్లోకి వస్తోందని తేలింది. లీటరులో 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తిప్పి, మడ్డి అడుక్కు చేరాక పైనీళ్లు తీసుకునే పద్ధతి తయారు చేసింది. దానికి నల్లగొండ టెక్నిక్ అనే పేరు వచ్చింది. ఆఫ్రికా దేశాల్లోనూ ఆ పేరుతోనే వాడారు. ఇంటింటికీ నదీజలాలు తెచ్చే మిషన్ భగీరథ పైలాన్‌ను 2015లో చౌటుప్పల్‌లో ఆవిష్కరించారు. ఈ కథకు నాకు తోచే మొదటి వాక్యం ఒక పిల్ల ప్రశ్న: "ఒకటే ఊర్ల, ఆ బావి నీళ్లు తాగేటోళ్లకే కాళ్లెందుకు వంకరపోయినయి?" వేరే బావి నీళ్లు తాగినవాళ్ల వైపు చూడటంతోనే పరిశోధన మొదలవుతుంది.

ఇంకొకటి పిల్లలమర్రి. మహబూబ్‌నగర్ దగ్గరి ఆ మర్రికి ఏడు వందల ఏళ్లు ఉంటాయంటారు. చెదలు పట్టి కొమ్మలు కూలుతుంటే 2018లో సెలైన్ సీసాలు కట్టి చెదల మందు చుక్కచుక్కగా ఎక్కించారు. చెట్టుకు సెలైన్! చిన్న పిల్లలకు చెప్పే కథకు ఇంతకన్నా మంచి మొదలు ఏముంటుంది.

7. పాత్రలూ భాషా

ప్రశ్న అడిగేవాళ్లు ఊరివాళ్లే అయి ఉండాలి, ముంబై పనికి పోయి వచ్చిన వలస కూలీ అయినా, ఆశ వర్కర్ అయినా, బడిపిల్ల అయినా. బయట నుంచి వచ్చి ఊరికి తెలివి నేర్పే పాత్రను దయచేసి తీసేయండి. నమ్మేవాళ్ల నోట కనీసం ఒక్క బలమైన వాదన పెట్టండి, మీకే జవాబు వెతుక్కోవాల్సి వచ్చేలా.

కథనం మామూలు తెలుగులో ఉంచి, మాటలు మాత్రం ఊరి యాసలో రాస్తే చదివేవాళ్లకు సులువు. పాలమూరు "నీకె"లూ నల్లగొండ మాట తీరూ ఒకే పాత్ర నోట కలపకండి, వినేవాళ్లు వెంటనే పట్టేస్తారు.

8. చెప్పే రూపం

రాసింది పేజీ మీదే ఉండిపోతే చదివేవాళ్లకే చేరుతుంది. సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల లాంటి పల్లె రూపాలను తెలంగాణ సాయుధ పోరాటం కోసం ఎలా మలిచాడో నల్లగొండ వాళ్లకు చెప్పక్కర్లేదు. బుర్రకథ మన పనికి మరీ బాగా కుదురుతుంది. మధ్యలో కథకుడు, అటూ ఇటూ వంతలు. ఒకరు హాస్యం చెబుతారు, ఒకరు లోకం సంగతి మాట్లాడతారు. మన ప్రశ్నను హాస్యం చెప్పే వంతకు ఇవ్వండి. "అన్నా, కాయ పట్టకుంట ఏసినోళ్ల సంగతేందే?" అని ఆయన అడిగితే జనం నవ్వుతారు, నవ్వుతూనే ఆలోచిస్తారు. అదే ప్రశ్న కథకుడు గంభీరంగా అడిగితే ఉపన్యాసమవుతుంది. ఒగ్గుకథ చెప్పేవాళ్లతో పని చేయాలనుకుంటే ముందు వాళ్లను అడగండి. అది మల్లన్న, బీరప్పల కథలతో ముడిపడిన విద్య. వాళ్లు ఒప్పుకున్న మేరకే వాడుకోవాలి.

చెప్పే మధ్యలో వినేవాళ్ల చేతికి ఒక పని ఇవ్వండి. తెల్లబట్ట మీద పసుపు నీళ్లు పూసి ఆరబెట్టండి. కథలో "మంత్రజలం" చల్లే చోట దాని మీద సున్నపు తేట చల్లితే ఎర్రని నెత్తుటి మరకలు పడతాయి. పిల్లలు అరుస్తారు. అప్పుడు కారణం చెప్పకండి. మంచినీళ్లు, ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు, నిమ్మరసం, సున్నపు తేట ముందు పెట్టి, దేనితో ఎర్రబడుతుందో, దేనితో పోతుందో వాళ్లనే కనుక్కోమనండి. సున్నపు తేట కళ్లలో పడకుండా పెద్దవాళ్లు దగ్గరుండాలి. మంటలు పుట్టించే రసాయనాలు పిల్లల కార్యక్రమంలో అసలే వద్దు.

రోజు ఎంచుకునే వీలుంటే మే 7, 8 తేదీల్లోనో, ఆగస్టు 5, 6 ప్రాంతంలోనో పెట్టుకోండి. ఆ రోజుల్లో మహబూబ్‌నగర్, నల్లగొండల మీద సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. పన్నెండు దాటిన పావుగంట, ఇరవై నిమిషాలకు నిలబెట్టిన సీసా నీడ దాని కిందికే చేరిపోతుంది. నీడ మాయమయ్యే గంట ఎప్పుడో ముందే లెక్కకట్టి చెప్పగలగడం పిల్లలకు ఏ మహిమ కన్నా గొప్పగా ఉంటుంది. ఆగస్టులో మబ్బు పట్టొచ్చు, మే నమ్మకం.

9. కథ అయిపోయాక

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యత తరగతుల్లో ఆడవాళ్లు తమ వాచకంలో సారా వల్ల చితికిన ఒక కుటుంబం కథ చదివారు. దూబగుంటలో వాళ్లు చదివి ఊరుకోలేదు, మన ఊళ్లో సంగతేంటని మాట్లాడుకున్నారు. ఆ మాటల్లోంచి సారా వ్యతిరేక ఉద్యమం లేచి రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం వచ్చింది. కథతో పాటు తర్వాత జరిగిన చర్చ కూడా ఆ పని చేసింది. అందుకని కథకు అరగంట పెడితే చర్చకు అంతకన్నా ఎక్కువ పెట్టండి. మీరు తక్కువ మాట్లాడండి. ఎవరైనా తమ అనుభవం చెబితే "అది తప్పు" అనకుండా, "అట్ల చేయనోళ్ల సంగతి కూడా ఎవరన్న చెప్పండి" అని అడగండి.

బడిలో ఇదంతా ఎందుకని ఎవరైనా ప్రశ్నిస్తే నెమ్మదిగా జవాబివ్వండి. 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో చేరిన 51ఏ అధికరణంలో శాస్త్రీయ దృక్పథాన్ని, ప్రశ్నించే గుణాన్ని పెంపొందించుకోవడం ప్రతి పౌరుడి విధి అని ఉంది. ఆ మాట చెప్పి, కథ వినడానికి వాళ్లనూ రమ్మనండి.

10. బాణామతి గురించి

కొన్ని కథలు రాసి, చెప్పి, చేయి తిరిగాక మాత్రమే దీనికి రండి. తెలంగాణ జిల్లాల్లో బాణామతి, చేతబడి అనుమానంతో మనుషులను కొట్టారు, పండ్లు పీకారు, చంపారు. ఎక్కువగా బలయ్యేది ఒంటరి ఆడవాళ్లు, ముసలివాళ్లు, పేదవాళ్లు. ఇటీవల గొడవ జరిగిన ఊళ్లో ఈ కథ చెప్పకండి, గుర్తుపట్టేలా ఏ ఇంటినీ చూపకండి. కథ నిందపడ్డ మనిషి వైపు నుంచి మొదలవ్వాలి. ఇంట్లో జబ్బుపడ్డవాళ్ల బాధ కూడా నిజమైనదే, దాన్ని తేలిక చేయొద్దు. జ్వరాలు, కారణం తెలియని మూర్ఛలు, మనసు బాధలు ఒకే వీధిలో వరుసగా వస్తే ఎవరికైనా భయం పుడుతుంది. కథలో ఎవరో ఒకరు ఆ ముసలమ్మ ఊళ్లో లేని నెలల్లో ఎంతమందికి జ్వరాలొచ్చాయో అడగాలి, ఇంకొకరు ఆ వీధి తాగునీళ్లు పరీక్షకు పంపాలి. నిజంగా ఎవరి మీదైనా అనుమానం పెరుగుతున్నట్టు తెలిస్తే కథ పక్కన పెట్టి ముందు పోలీసులకు, ఆరోగ్య సిబ్బందికి చెప్పండి. సైన్స్ ప్రచారం చేసే జన విజ్ఞాన వేదిక లాంటి సంఘాల్లో ఇలాంటి ఊళ్లలో పని చేసిన అనుభవం ఉన్నవాళ్లు ఉన్నారు, వాళ్లను తోడు తీసుకోండి.

కథ చెప్పిన నెల రోజులకు ఆ బడికో, ఆ వాడకో మళ్లీ వెళ్లి ఏం గుర్తుందో అడగండి. "కొబ్బరికాయ ఉత్తదే" అన్న మాట ఒక్కటే మిగిలితే కథను తిరగరాయాలి. వాళ్లు ఒక నమ్మకం వదిలి మీ మాటను నమ్మారు, అంతే. "సునీత అన్ని బోర్లూ రాసిందని ఏం గ్యారంటీ సార్? ఎండినయి ఎవరన్న దాసిపెట్టి ఉండొచ్చు గదా?" అని ఏ పిల్లవాడైనా అడిగితే ఆ ప్రశ్నను నోట్‌బుక్‌లో రాసుకోండి. తర్వాతి కథలో సునీత దానికి సమాధానం వెతుకుతూ రెండోసారి ఊరు తిరగాలి.